కొడుకు కసమ్ పరేడ్‌కి ఇద్దరికే పిలుపు, ఎవరు వెళ్లాలి?

ప్రశ్న: సుబేదార్ గారికి నమస్కారం. మాది గిద్దలూరు దగ్గర పల్లె. మా పెద్దోడు అగ్నివీర్‌గా సెలెక్టయి మద్రాస్ రెజిమెంట్‌లో ట్రైనింగ్ చేస్తన్నాడు, ఊటీ దగ్గర వెల్లింగ్టన్‌లో. డిసెంబర్ మొదటి వారంలో కసమ్ పరేడ్ అంట, ట్రైనింగ్ అయ్యాక ప్రమాణం చేయిస్తారంట, అమ్మానాన్నల్ని రమ్మన్నారంట. ఇద్దరి పేర్లే ఇమ్మన్నారని వాడు చెప్పాడు. ఇంట్లో మాత్రం ఏడుగురు బయల్దేరతామంటన్నారు. మా అత్త, మా తమ్ముడూ మరదలూ, మా చిన్నోడు, డాలస్ నుంచి సెలవుకొచ్చిన మా ఆడబిడ్డ కొడుకూ కోడలూ. మా ఆయన ఒక్కడే రానంటన్నాడు. వాడు డిగ్రీ మధ్యలో మానేసి పోయాడని కోపం. “నాలుగేళ్ల ఉద్యోగానికి అంత దూరం ఎందుకు, ఆ చలికి నా మోకాళ్లు పడవు” అంటాడు. మా అత్తకేమో అది హెలికాప్టర్ కూలిన కొండ గదా అని భయం. వాడు ప్రతి ఆదివారం ఫోన్ చేసి అందరి గురించీ అడిగి, చివర్లో “నాయన వస్తాడా?” అంటాడు. నేను “చూద్దాంలే” అంటన్నా. అక్కడికి ఎట్లా పోవాల, ఏం తీసుకుపోవాల, లోపల ఏం చేయకూడదు, ఎవరిని తీసుకుపోవాల? మీరు చెప్పండి. పేరు వేయొద్దు.

సమాధానం:

అమ్మా, మీరు చివర్న అడిగినదానికి ముందు జవాబు చెప్తాను. ఇద్దరంటే మీరూ, మీ ఆయనా. మూడో మాట లేదు. మీ అత్తగారి మీద మీకెంత గౌరవం ఉన్నా, మీ తమ్ముడు ఎంత బతిమాలినా ఆ రెండో పేరు మీ ఆయనదే రాయించండి. ఆయన రానన్నా రాయించండి. పేరు ఇచ్చేశాక మనసు మార్చుకుంటే ఫరవాలేదు. పేరు ఇవ్వకుండా మనసు మార్చుకుంటే గేటు దగ్గర ఎవరూ ఏమీ చేయలేరు.

మీ ఆయనకి బహుశా తెలియని సంగతి ఒకటి ఉంది. సైన్యం ట్రైనింగ్ సెంటర్లలో ఇప్పుడు కసమ్ పరేడ్ రోజున తల్లిదండ్రులకి ‘గౌరవ్ పదక్’ ఇస్తున్నారు. పతకం కొడుక్కి కాదమ్మా, కన్నవాళ్లకి. నా కాలంలో ఇది లేదు. మొన్నామధ్య మా మేనల్లుడి పరేడ్‌కి వేరే సెంటర్‌కి వెళ్లినప్పుడు చూశాను. ఒకాయన, పొలం పనులు చేసుకునే మనిషి, చొక్కాకి పతకం పెట్టించుకుని కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నంతసేపూ చెయ్యి దాని మీదే ఉంది, ఊడిపోతుందేమో అన్నట్టు. టీ ఇస్తే ఎడమచేత్తో అందుకున్నాడు.

ఇక “నాలుగేళ్ల ఉద్యోగం” అనే మాట. ఆయన లెక్క తప్పేం కాదు. 2022 జూన్ 14న ప్రకటించిన ఈ అగ్నిపథ్ పథకంలో నాలుగేళ్లయ్యాక 25 శాతం దాకా మాత్రమే రెగ్యులర్‌గా ఉంచుకుంటారు. మొదటి ఏడు నెలకి 30 వేలు, అందులో 9 వేలు సేవా నిధి అనే పొదుపుకి పోగా చేతికి 21 వేలు వస్తాయి. బయటికొచ్చేటప్పుడు ప్రభుత్వం వేసేదీ వడ్డీతో కలిపి 11.71 లక్షల దాకా వస్తుందని చెప్పారు. పింఛను లేదు. 26 ఏళ్లు చేసి పింఛను తీసుకుంటున్నవాణ్ణి కాబట్టి ఈ పథకం మీద నాకూ అభిప్రాయాలున్నాయి, అవి ఇక్కడ అనవసరం. ఒక్కటి మాత్రం ఆయనకి చెప్పండి. ఆ రోజు మీవాడు చేసే ప్రమాణంలో నాలుగేళ్ల మాట ఉండదు. నేల మీదైనా, నీళ్ల మీదైనా, గాలిలోనైనా ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్తాను, ప్రాణం మీదికి వచ్చినా సరే అని నేను ఏ ప్రమాణం చేశానో వాడూ అదే చేస్తాడు.

మిగతా జనం గురించి. డాలస్ కుర్రాడికి అమెరికా పాస్‌పోర్టు ఉంటే అతను చట్టం లెక్కలో విదేశీయుడే. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు చూపించి “నేను మనవాణ్ణే” అంటే కంటోన్మెంట్ గేటు దగ్గర చెల్లదు. విదేశీయులకి ముందే పై నుంచి అనుమతి కావాలి, అది వారం పది రోజుల్లో తేలే పని కాదు. ఇండియా పాస్‌పోర్టే ఉన్నా ఇద్దరి పరిమితి ఎలాగూ ఉంది. వెళ్లాలనుకుంటే పక్కనే ఉన్న కూనూర్ ఊరి దాకా వెళ్లమనండి. మీరు లోపల ఉన్న నాలుగైదు గంటలూ వాళ్లు సిమ్స్ పార్క్ చూస్తారు. అది 1874 నాటి తోట, పెద్దావిడ నెమ్మదిగా నడిచినా బాగుంటుంది. తర్వాత మీవాడే బయటికి వచ్చి కలుస్తాడు. అయితే నా సలహా అడిగితే ఏడుగురు వద్దు. అంతమంది వస్తే ఆ రోజంతా ఎవరికి బాత్‌రూం కావాలి, ఎవరికి కాఫీ చేదుగా ఉంది అనేదాంతోనే సరిపోతుంది.

దారి సంగతి. మీకు రెండు మార్గాలు. ఒకటి, ఒంగోలులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి కోయంబత్తూరులో దిగడం. రెండోది, చెన్నై చేరి సెంట్రల్‌లో రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కడం. అది తెల్లారేసరికి నేరుగా మేట్టుపాళయంలో, అంటే కొండ కింద దింపుతుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషికి రెండోదే మేలు. అక్కడి నుంచి కూనూర్‌కి బస్సులుంటాయి. వెల్లింగ్టన్ కూనూర్‌ని ఆనుకునే ఉంటుంది, ఆటోలో పది నిమిషాలు.

బొమ్మ రైలు ఎక్కుదామని మీ చిన్నోడు గోల చేస్తాడు. రంపంలా పళ్లున్న పట్టాల మీద ఆవిరి ఇంజను వెనక నుంచి నెడుతుంటే ఎక్కే రైలు, చూడాల్సిందే. కానీ వెళ్లేటప్పుడు వద్దు. మేట్టుపాళయం నుంచి కూనూర్ 28 కిలోమీటర్లకి మూడు గంటలు పైనే పడుతుంది, టికెట్లు నెలల ముందే అయిపోతాయి. పైగా నవంబర్, డిసెంబర్లలో ఈశాన్య రుతుపవనాల వానలకి కొండచరియలు పట్టాల మీద పడి రైలు ఆపేయడం అక్కడ మామూలే. అందుకే పరేడ్‌కి ముందు రోజు కాదు, రెండు రోజుల ముందు కొండ ఎక్కండి. ఒక రోజు ఖర్చు ఎక్కువవుతుంది, కానివ్వండి.

కారు మాట్లాడుకుంటే ఈ-పాస్ కావాలి. హైకోర్టు ఆదేశం మీద 2024 మే 7 నుంచి నీలగిరి జిల్లాలోకి వచ్చే బయటి వాహనాలకి అది తప్పనిసరి చేశారు. ఫోన్‌లోనే తీసుకోవచ్చు. బస్సులో వెళ్తే ఆ తలనొప్పి లేదు. ఇంకోటి, ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఆ జిల్లాలో నిషేధం. దారిలో చెక్‌పోస్టు దగ్గర తీయించేస్తారు. ఇంట్లో ఉన్న స్టీలు సీసా పట్టుకెళ్లండి.

ఘాట్ రోడ్డులో 14 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. పొద్దున ఇడ్లీ తిని ఎక్కితే ఆ ఇడ్లీ మూడో మలుపు దాటదు. ఖాళీ కడుపుతో, దవడన నిమ్మతొక్క పెట్టుకుని, ముందు సీట్లో కూర్చోవాలి.

మీ అత్తగారి భయం. 2021 డిసెంబర్ 8న కూనూర్ దగ్గర కూలిన హెలికాప్టర్‌లో జనరల్ బిపిన్ రావత్ గారితో పాటు మన తెలుగువాడు, అప్పటి చిత్తూరు జిల్లా లాన్స్ నాయక్ సాయితేజ కూడా పోయాడు. మర్నాడు ఆ భౌతికకాయాలకి నివాళులర్పించింది మీవాడు డ్రిల్ చేస్తున్న సెంటర్‌లోనే. ఆవిడ మర్చిపోలేకపోవడంలో తప్పు లేదు. హఠాత్తుగా వాతావరణం మారి మబ్బుల్లోకి వెళ్లిపోవడం వల్లే అది జరిగిందని విచారణలో తేలింది. రోడ్డు మీద పోయేవాళ్లకి ఆ ప్రమాదంతో పని లేదు గానీ ఆ మబ్బుతో ఉంది. సాయంత్రమయ్యేసరికి పొగమంచు దిగి ముందున్న బస్సు కూడా కనపడదు. చీకటి పడ్డాక ఘాట్ ఎక్కకండి, దిగకండి.

చలి నిజమే. కూనూర్ సముద్రమట్టానికి 1,800 మీటర్ల పైన ఉంటుంది. పరేడ్ పొద్దున్నే. ఆరింటికల్లా గేటు దగ్గర ఉండమంటే చీకట్లో, మంచులో నిలబడాలి. ఎండెక్కాక అదే మైదానంలో ముఖం చురుక్కుమంటుంది. మీరు చీర మీద స్వెట్టరు, కాళ్లకి సాక్సు వేసుకోండి. చెప్పుల్లోకి సాక్సులేమిటని సిగ్గుపడొద్దు, అక్కడ అందరూ అంతే. ఆయనకి మంకీ క్యాపు, మోకాళ్లకి క్రేప్ బ్యాండేజీ, రోజూ వేసుకునే మాత్రలు చీటీతో సహా. మైదానంలో కుర్చీలుంటాయి, మెట్లెక్కే పని ఉంటే మీవాడు ముందే ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్‌కి చెప్పి పెడతాడు.

చిన్నోడికి ఒక హెచ్చరిక. బజార్లో దొరికే మిలిటరీ చుక్కల టీషర్టు వేసుకుని రావద్దు. 2016లో పఠాన్‌కోట్ దాడి తర్వాత సైన్యమే పౌరుల్ని అలాంటి బట్టలు వేసుకోవద్దని కోరింది. అన్న యూనిఫాం మీద ముచ్చటతో వేసుకున్నా గేటు దగ్గర అనుమానంగా చూస్తారు. కూనూర్ బజార్లో తిరిగినా సరే, వద్దు.

తిండి దగ్గరికొచ్చాం. ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి. 1984లో అదే వెల్లింగ్టన్‌లో నా కసమ్ పరేడ్. తాడేపల్లిగూడెం పక్క పల్లె నుంచి మా నాన్న ఒక్కడే వచ్చాడు. అమ్మ నాటుకోడి పులుసు వండి, నాలుగు గిన్నెల క్యారేజీలో సర్ది ఇచ్చింది. రెండు రాత్రులు రైళ్లు మారి, చెన్నైలో ఒక పగలంతా ప్లాట్‌ఫారం మీద కూర్చుని, కూనూర్ బస్టాండ్‌లో దిగి మూత తీస్తే నురగ. అక్కడే కాలవలో ఒంపేసి, పంపు కింద క్యారేజీ తోముకుని, ఆ ఖాళీ గిన్నెలు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. నేను మా లంగర్‌లో, అంటే సిపాయిల వంటశాలలో, భోజనం పెట్టించాను. ఊరెళ్లాక అమ్మ “తిన్నాడా?” అని అడిగితే “గిన్నె నాకేశాడు” అన్నాడట. పదేళ్ల తర్వాత నేనే నోరు జారి ఆ సంగతి అమ్మకి చెప్పేశాను. రెండు రోజులు నాన్నతో మాట్లాడలేదు ఆవిడ.

కాబట్టి పులుసులూ పెరుగన్నాలూ వద్దు. అరిసెలు, చేగోడీలు, సున్నుండలు, గోంగూర పచ్చడి గట్టిగా నూనె తేలేలా. వాడికొక్కడికే కాదు, బ్యారక్‌లో పక్క మంచాల వాళ్లకి సరిపడా. ట్రైనింగ్‌లో ఒకడి అరిసె అంటే ముప్ఫైమంది అరిసె. గాజు సీసాలో కాకుండా స్టీలు డబ్బాలో పెట్టండి. గేటు దగ్గర మూతలు తీసి చూస్తారు, చూడనివ్వండి. ఉస్తాదులకి మాత్రం డబ్బులు, బట్టలు ఇవ్వబోకండి, వాళ్లకి ఇబ్బంది. రెండు చేతులూ జోడించి నమస్కారం పెడితే చాలు. ఇంకోటి, మీ తమ్ముడు “అల్లుడూ, క్యాంటీన్‌లో రమ్ము రెండు ఫుల్లులు ఇప్పించు” అనకుండా ముందే నోరు కట్టేయండి. ప్రతి పరేడ్‌కీ ఒక మేనమామ ఆ మాట అంటాడు. ఆ కుర్రాడు సిగ్గుతో చచ్చిపోతాడు.

గేటు దగ్గర పని ఆధార్‌తో. మీవాడి రికార్డులో అమ్మానాన్నల పేర్లు ఎలా ఉన్నాయో, మీ ఆధార్‌లలో అలాగే ఉన్నాయా అని ఇవాళే చూడండి. మా బావగారి ఆధార్‌లో ఒక పేరు, కొడుకు టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. మేం వెళ్లిన ఆ సెంటర్ గేటు దగ్గర గంటన్నర నిలబడ్డాం, పరేడ్ మొదలైన బ్యాండు చప్పుడు బయటికి వినపడుతూనే ఉంది. తప్పు వాళ్లది కాదు, మా బావదే. మీకు తేడా ఉంటే రేషన్ కార్డు కూడా పెట్టుకోండి, వాడికి ముందే ఫోన్‌లో చెప్పండి.

ఫోన్లు గేటు దగ్గరే పెట్టించేస్తే గొడవ పడొద్దు. లోపలికి పోనిచ్చినా, తీయమన్న చోటే ఫొటో తీయండి. గేటు, సెంట్రీ, బ్యారకులు, వాహనాలు, ఏ బోర్డూ ఫొటోలో పడకూడదు. సైనిక స్థావరాలు 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద నిషిద్ధ ప్రదేశాలు, సరదాకి తీశాననే మాట అక్కడ నడవదు. సెంటర్ ఫొటోగ్రాఫరే పరేడ్ ఫొటోలు తీస్తాడు, డబ్బులు కట్టి తీసుకోండి, గోడకి కట్టించుకునేంత బాగుంటాయి. చిన్నోడు రీల్ చేస్తానంటే ఇంటికొచ్చాక అన్న మెడలో దండేసి చేసుకోమనండి. అప్పుడైనా ఏ యూనిట్‌కి వెళ్తున్నాడు, ఎప్పుడు వెళ్తున్నాడు అనేవి అందులో చెప్పొద్దు.

ఇప్పుడు అసలైన కిటుకు చెప్తాను. మైదానంలో వందల మంది ఒకే ఎత్తు టోపీ, ఒకే రకం గుండు, ఒకే నడక. కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. మా మేనల్లుడి పరేడ్‌లో మా చెల్లెలు వేరే కుర్రాణ్ణి చూసి అరగంట ఏడ్చింది. అందుకే ముందే అడగండి. ఏ ప్లాటూన్, అంటే ఏ జట్టు, ఎన్నో వరుస, కుడివైపు నుంచి ఎన్నోవాడు? పొడుగు చూసి నిలబెడతారు, పొడుగువాళ్లు రెండు అంచుల్లో, పొట్టివాళ్లు మధ్యలో వస్తారు. మీవాడు పొడగరి అయితే అంచున వెతకండి.

వాళ్లు మార్చ్ చేస్తూ వస్తుంటే పేరు పెట్టి పిలవకండి. వాడు తల తిప్పకూడదు, తిప్పితే ఉస్తాద్ చూస్తాడు. జెండా మీ ముందు నుంచి వెళ్లేటప్పుడు అందరితో పాటు లేవండి. ఎవడైనా కుర్రాడు నిలబడ్డచోటే కళ్లు తిరిగి పడిపోయినా కంగారు పడి లేవకండి. కదలకుండా నిలబడటంలో అలా ఒక్కోసారి అవుతుంది, పక్కనే మనుషులుంటారు, ఎత్తుకుపోతారు.

ప్రమాణం ధర్మగురువు చేయిస్తారు. ఎవరి మతగ్రంథం వాళ్లకి ఉంటుంది, గీత, ఖురాన్, బైబిల్, గురుగ్రంథం. జాతీయ జెండా ఉంటుంది. మాటలు హిందీలో వస్తాయి, మీకు పూర్తిగా అర్థం కాకపోవచ్చు. ఆ తర్వాత ఒక్కసారిగా “వీర మద్రాసీ, అడి కొల్లు, అడి కొల్లు!” అని అరుస్తారు. కొట్టు, చంపు అని దానర్థం. ఆ కొండలు తిరిగి పలుకుతాయి. మీ పక్కన ఎవరైనా తల్లి ఉలిక్కిపడి చెయ్యి పట్టుకుంటే పట్టుకోనివ్వండి. మద్రాస్ రెజిమెంట్ 1758 నాటిది, తెలుగువాళ్లు అందులో మొదట్నుంచీ ఉన్నారు. మీవాడుండే బ్యారకులకి ఎవరి పేరు పెట్టారో ఆ జనరల్ శ్రీనగేశ్ గారు సైన్యాధిపతిగా చేసి, తర్వాత మన ఆంధ్రప్రదేశ్‌కి గవర్నర్‌గా కూడా వచ్చారు. మీ ఆయనకి రాజకీయాలు ఇష్టమైతే ఈ ముక్క చెప్పండి, కాస్త మెత్తబడతారు.

పరేడ్ అయ్యాక వాణ్ణి మీ దగ్గరికి వదుల్తారు. చిక్కిపోయావురా, నల్లబడ్డావురా అనకండి. వాడు అద్దంలో చూసుకుని మురిసిపోతున్న ఒళ్లది. ముందు వాణ్ణి మాట్లాడనివ్వండి. వాడు హిందీలో లెక్కపెడతాడు, మధ్యలో అరవం దొర్లుతుంది, మిమ్మల్ని కూడా ఒకసారి “జీ” అంటాడు.

తిరుగు టికెట్లు వాడికి కూడా కలిపి ఇప్పుడే బుక్ చేయకండి. చాలాసార్లు పరేడ్ తర్వాత సెలవు మీద పంపుతారు గానీ, ఏ రోజు వదుల్తారన్నది సెలవు కాగితం చేతికొస్తేనే ఖాయం. మీ ఇద్దరికీ రెండు రోజులు అటూ ఇటూ వెసులుబాటు ఉండేలా చూసుకోండి. వాడితో పాటు ఒక నల్ల ట్రంకు పెట్టె, ఒక కిట్ బ్యాగు వస్తాయి, ఆ పెట్టె ఏ ఆటో వెనకా పట్టదు.

మీ ఆయన తెల్లచొక్కా ఒకటి, ఎడమ పక్క జేబున్నది, ఇస్త్రీ చేయించి బీరువాలో పెట్టండి. ఎందుకని అడిగితే చెప్పకండి. ఎల్లుండి ఆదివారం. ఫోన్ మోగుతుంది కదా, ఈసారి మీరు ఎత్తొద్దు. పొయ్యి దగ్గర ఉన్నాననో, చేతులు తడిగా ఉన్నాయనో చెప్పి ఆయన్నే ఎత్తమనండి. ఏ గేటు, ఎన్ని గంటలకి, ఏ ప్లాటూన్, కుడి నుంచి ఎన్నోవాడు, ఇవన్నీ ఆయన్నే కాగితం మీద రాసుకోమనండి.